గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు గుండె దడ ఎందుకొస్తుంది? ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం
జిల్లా పౌర సంబంధాల అధికారి కార్యాలయం
(చదవడం రాని పెద్దవాళ్లుంటే ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి)

ఒక సోమవారం ప్రజావాణికి ఒక తల్లి వచ్చింది. భర్త మార్కెట్ యార్డులో హమాలీ. ఏడాది కింద ఆయాసంతో ఆసుపత్రిలో చేరితే గుండె పంపింగ్ తగ్గిందని, గుండె లయ కూడా తప్పిందని చెప్పి ఆరు రకాల గోళీలు రాసి పంపారు. నాలుగు నెలలు బాగానే వేసుకున్నాడు. ఆయాసం తగ్గింది, పనికి కూడా పోయాడు. ఆ తర్వాత గోళీలు అయిపోయాయి. అన్నీ కొనలేక కొన్ని మాత్రమే కొన్నారు. రక్తం పల్చన చేసే గోళీని పక్కన పెట్టారు. ‘‘రక్తం పల్చనైతే మనిషి ఇంకా నీరసపడతడని ఎవరో అన్నరు సారూ. ఆపరేషన్ ఏం గాలేదు గదా, గోళీలే గదా అని ఆపినం’’ అన్నది. ఒకరోజు పొద్దున ఆయనకు మూతి వంకరపోయింది, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మరునాడు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇప్పుడు ఆమె పింఛను కోసం అర్జీ పట్టుకుని వచ్చింది.

అర్జీ తీసుకున్నాం. కానీ ఆ గోళీ ఎందుకిచ్చారో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. తెలిసి ఉంటే దాన్ని ఆపేవాళ్లు కాదు. అందుకే ఈ విషయం మీద వైద్యులను అడిగి, మామూలు మాటల్లో ఇక్కడ రాస్తున్నాం.

గుండె బలహీనత అంటే ఏమిటి?

హార్ట్ ఫెయిల్యూర్ అనగానే గుండె ఆగిపోయిందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ ఒంటికి కావలసినంత రక్తాన్ని తోయలేదు. బోరు మోటారు తిరుగుతున్నా నీళ్లు సన్నగా వచ్చినట్టు. రక్తం వెనక్కి నిలవడం వల్ల ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు చేరుతుంది. అందుకే నాలుగు అడుగులు నడిస్తే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, సాయంత్రానికి పాదాలు వాయడం.

మీ 2డీ ఎకో కాగితంలో ‘ఈఎఫ్’ అని ఒక అంకె ఉంటుంది. గుండె ఒకసారి ముడుచుకున్నప్పుడు దాని ఎడమ కింది గదిలో ఉన్న రక్తంలో ఎంత శాతం బయటకు తోస్తుందో ఆ అంకె చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది 55 నుంచి 70 మధ్యలో ఉంటుంది. అంటే 100 రావాల్సింది 60 వచ్చిందని కంగారు పడనక్కర్లేదు. 40 లేదా అంతకంటే తక్కువ ఉంటే పంపింగ్ బాగా తగ్గిందని అర్థం. కొందరికి ఈఎఫ్ మామూలుగానే ఉన్నా గుండె గట్టిపడి హార్ట్ ఫెయిల్యూర్ వస్తుంది. మీ ఈఎఫ్ ఎంతో డాక్టరును అడిగి, ఒక చీటీ మీద రాసి ఆరోగ్యశ్రీ కాగితాలతో పాటు పెట్టుకోండి.

లయ ఎందుకు తప్పుతుంది?

గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు లెక్కేస్తే దాదాపు లక్ష సార్లు. ప్రతిసారీ పై గదుల్లో ఒక చిన్న విద్యుత్ సంకేతం పుట్టి, ఒక దారి వెంట కింది గదులకు దిగుతుంది. ఆ సంకేతం ప్రకారమే గుండె ముడుచుకుంటుంది.

గుండె బలహీనపడినప్పుడు ఈ వైరింగ్ కూడా దెబ్బతింటుంది. కారణాలు ఇవి:

• గదులు సాగి పెద్దవవుతాయి. సాగిన కండరంలో సంకేతం సాఫీగా నడవదు.
• ఇదివరకు గుండెపోటు వచ్చి ఉంటే అక్కడ మచ్చ మిగులుతుంది. సంకేతం ఆ మచ్చ చుట్టూ గిరగిర తిరుగుతుంది.
• ఒంట్లో పొటాషియం, మెగ్నీషియం లాంటి లవణాలు పెరిగినా తగ్గినా లయ తప్పుతుంది. నీరు పోయే మాత్రలు, వాంతులు, విరేచనాలు, కిడ్నీ సమస్యల వల్ల ఇలా అవుతుంది.
• థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, రక్తహీనత, జ్వరం, మద్యం, కల్లు కూడా దడను రేపుతాయి.

ఇది రెండు వైపులా నడిచే వ్యవహారం. బలహీనమైన గుండెకు లయ తప్పుతుంది. లయ తప్పి వారాలు, నెలలు వేగంగా కొట్టుకుంటే మంచి గుండె కూడా బలహీనపడుతుంది. ఇందులో ఊరటనిచ్చే సంగతి కూడా ఉంది. వేగాన్ని అదుపు చేస్తే కొందరికి పంపింగ్ మళ్లీ మెరుగవుతుంది.

లయ తప్పడంలో రకాలు

1. ఏట్రియల్ ఫిబ్రిలేషన్: హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. డాక్టర్లు ‘ఏఎఫ్’ అని రాస్తారు. పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. నాడి పట్టుకుంటే ఒక వరుస ఉండదు. ఒకటి త్వరగా, ఒకటి ఆలస్యంగా, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా తగులుతుంది.

2. కింది గదుల నుంచి వచ్చే వేగం: దీన్ని వెంట్రిక్యులర్ టాకీకార్డియా, అంటే ‘వీటీ’ అంటారు. గుండె ఉన్నట్టుండి చాలా వేగంగా కొట్టుకుని కళ్లు తిరుగుతాయి, మనిషి పడిపోతాడు. ఇది ముదిరితే కింది గదులు కూడా వణకడం మొదలవుతుంది. అప్పుడు నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఈఎఫ్ బాగా తక్కువ ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

3. హార్ట్ బ్లాక్: సంకేతం మధ్యలో ఆగిపోయి గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటుంది. రక్తనాళాల్లో ‘బ్లాకులు’ వేరు, ఇది వేరు. అది పైపులో అడ్డం, ఇది వైరులో అడ్డం. స్టెంట్ దానికి, పేస్‌మేకర్ దీనికి.

4. మధ్యమధ్యలో ఒక దెబ్బ ఎక్కువ పడటం: గుండె ఒకసారి తప్పిపోయినట్టు, వెంటనే గట్టిగా కొట్టినట్టు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా ఇది ఉంటుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

పక్షవాతానికీ గుండె దడకూ సంబంధం ఏమిటి?

ఏఎఫ్‌లో పై గది సరిగ్గా ముడుచుకోదు కాబట్టి అక్కడ రక్తం నిలుస్తుంది. నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడు రక్తనాళంలో ఇరుక్కుంటే పక్షవాతం వస్తుంది. ఏఎఫ్ ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. దడ తెలియకపోయినా, ఆయాసం తగ్గినా ఈ ముప్పు అలాగే ఉంటుంది.

అందుకే రక్తం పల్చన చేసే మందు ఇస్తారు. పేరు అలా ఉన్నా అది రక్తాన్ని నీళ్లలా చేయదు, నీరసం తేదు. గడ్డ కట్టకుండా ఆపుతుంది, అంతే. ప్రజావాణికి వచ్చిన తల్లి ఇంట్లో పక్కన పెట్టిన గోళీ ఇదే.

ఈ మందుల్లో రెండు రకాలున్నాయి:

• వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి: ఇవి పాతకాలం నుంచి ఉన్నవి, ధర తక్కువ. కానీ ‘ఐఎన్‌ఆర్’ అనే రక్త పరీక్ష క్రమం తప్పకుండా చేయించాలి. ఏఎఫ్ ఉన్న ఎక్కువమందికి అది 2 నుంచి 3 మధ్య ఉండాలి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. తోటకూర, పాలకూర, గోంగూర తినొచ్చు. ఒక వారం రోజూ తిని, ఇంకో వారం అసలు మానేయడం చేయకండి. ఎప్పుడూ ఒకే తీరుగా తినండి.

• ఎపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగట్రాన్: వీటికి ఐఎన్‌ఆర్ పరీక్ష అక్కర్లేదు. కానీ ఒకటి రెండు పూటలు మానేసినా రక్షణ పోతుంది. కిడ్నీ పరీక్ష అప్పుడప్పుడు చేయించాలి.

చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం సన్నబడినవాళ్లకు, మెటల్ కవాటం వేసినవాళ్లకు సాధారణంగా మొదటి రకమే ఇస్తారు. ‘‘పక్కింటాయనకు పరీక్ష లేని గోళీ ఇచ్చారు, నాకూ అదే కావాలి’’ అని సొంతంగా మార్చుకోవద్దు. ఆస్పిరిన్ వేసుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. ఏఎఫ్‌లో గడ్డను ఆపడానికి ఆస్పిరిన్ సరిపోదు.

నాడి చూసుకోవడం నేర్చుకోండి

ఖర్చు లేదు, మిషన్ అక్కర్లేదు. గోడ గడియారం చాలు.

• ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి.
• అరచేయి పైకి పెట్టి, బొటనవేలి కింద మణికట్టు దగ్గర రెండు వేళ్లు ఆనించండి. బొటనవేలితో చూడొద్దు.
• పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, లయ తప్పినవాళ్లకు లెక్క తప్పుతుంది.
• ఎన్నిసార్లు కొట్టుకుంది, వరుసగా ఉందా లేదా అని క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాయండి.

దాంతోపాటు పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. డాక్టరుకు చెప్పాలి. కూర్చున్నా నాడి 110 దాటి ఉన్నా, 50 కంటే తగ్గినా, కొత్తగా వరుస తప్పినా అదే రోజు చూపించుకోండి.

ఏఎఫ్ ఉన్నవాళ్లకు బీపీ మిషన్ ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది. మిషన్ పాడైందని అనుకోవద్దు. రెండు మూడు సార్లు చూసి అన్నీ రాసుకోండి.

వెంటనే 108 కు ఫోన్ చేయాల్సినప్పుడు

• దడతో పాటు స్పృహ తప్పినా, పడిపోబోయినా
• దడతో పాటు ఛాతీలో నొప్పి, బరువు, చల్లని చెమటలు
• కూర్చున్నా ఊపిరాడకపోవడం, నురగ లాంటి కఫం
• మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడటం

చివరి లక్షణం పక్షవాతం. గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణం మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. అందుకే ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. రక్తం పల్చన చేసే గోళీ వేసుకుంటున్న సంగతి కూడా చెప్పండి. పసరు మందు, తెల్లారేదాకా చూద్దాం అనే మాట వద్దు.

మనిషి పడిపోయి పిలిస్తే పలకక, ఊపిరి సరిగ్గా తీసుకోకపోతే గుండె ఆగినట్టే లెక్క. ఒకరు 108 కు ఫోన్ చేయండి. ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండు అంగుళాల లోతు. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు. నోట్లో నీళ్లు పోయొద్దు.

మందుల విషయంలో ఈ పొరపాట్లు చేయొద్దు

బాగయింది కదా అని ఆపడం: గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ లాంటి గోళీలు లయ తప్పి హఠాత్తుగా చనిపోయే ముప్పునూ తగ్గిస్తాయి. వీటిని ఒక్కసారిగా ఆపితే దడ తిరగబడుతుంది. నీరసంగా ఉంటే డాక్టరు మోతాదు తగ్గిస్తారు. మీరు ఆపొద్దు.

మోకాళ్ల నొప్పులకు ఇంజెక్షన్: ఇది మన పల్లెల్లో ఎక్కువ. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మందులు ఒంట్లో నీరు నిలిపి, కిడ్నీని దెబ్బతీసి గుండెను ఇంకా బలహీనపరుస్తాయి. రక్తం పల్చన చేసే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం అవుతుంది. ఆర్‌ఎంపీ దగ్గరకు పోయినా, మెడికల్ షాపుకు పోయినా ‘‘నాకు గుండె జబ్బు ఉంది, ఈ గోళీలు వేసుకుంటున్నా’’ అని ముందే చెప్పండి.

తక్కువ సోడియం ఉప్పు: గుండెకు మంచిదని అమ్మే కొన్ని ఉప్పుల్లో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. స్పైరనోలాక్టోన్ లాంటి గోళీ వేసుకునేవాళ్లకు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు అది ప్రమాదం. మామూలు ఉప్పే తక్కువ వాడండి. పచ్చళ్లు, అప్పడాలు, ఎండు చేపలు తగ్గించండి. రోజూ కొబ్బరి నీళ్లు తాగే అలవాటుంటే డాక్టరును అడగండి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు: ఎండాకాలంలో ఇది మామూలే. అప్పుడు నీరు పోయే మాత్ర కూడా వేసుకుంటే ఒంట్లో నీరు, లవణాలు పడిపోయి లయ తప్పొచ్చు. అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లి ఏ గోళీ వేసుకోవాలో, ఏది ఆపాలో అడగండి.

డిగాక్సిన్ వేసుకునేవాళ్లు: వికారం, ఆకలి లేకపోవడం, చూపు పసుపుగా కనబడటం, నాడి నెమ్మదించడం ఉంటే మందు ఎక్కువైందని అనుమానించి వెంటనే చూపించుకోండి.

ఏ పరీక్షలు, ఏ చికిత్సలు?

ముందు ఈసీజీ. కానీ ఈసీజీ తీసిన ఆ కొన్ని సెకన్లలో దడ లేకపోతే అది మామూలుగానే వస్తుంది. ‘ఈసీజీ నార్మల్’ అంటే లయ ఎప్పుడూ తప్పడం లేదని కాదు. అనుమానం ఉంటే హోల్టర్ అనే చిన్న పెట్టెను 24 గంటలో, అంతకంటే ఎక్కువో ఒంటికి కట్టి చూస్తారు. 2డీ ఎకో, పొటాషియం, కిడ్నీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా ఉంటాయి. ఇందులో చాలా రక్త పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ద్వారా ఉచితం.

చికిత్సలో మొదటిది మందులే. మందులతో అదుపు కాకపోతే కొందరికి చిన్న షాక్ ఇచ్చి లయను సరిచేస్తారు, కొందరికి తొడ రక్తనాళం గుండా సన్నని తీగ పంపి తప్పుడు సంకేతం పుట్టే చోటును కాల్చేస్తారు. గుండె నెమ్మదించినవాళ్లకు పేస్‌మేకర్ పెడతారు. కనీసం మూడు నెలలు మందులు సరిగ్గా వాడినా ఈఎఫ్ 35 లేదా అంతకంటే తక్కువే ఉంటే ఐసీడీ అనే పరికరం అవసరమేమో డాక్టరు ఆలోచిస్తారు. ప్రాణాంతకమైన లయ మొదలైతే అది లోపలి నుంచే షాక్ ఇస్తుంది. గమనించండి, ‘మందులు సరిగ్గా వాడినా’ అన్న మాట ముఖ్యం. మధ్యలో మానేస్తే మీకు ఏది అవసరమో డాక్టరుకు కూడా తెలియదు.

పరికరం పెట్టినవాళ్లు చొక్కా జేబులో ఫోన్ పెట్టుకోవద్దు, కనీసం జానెడు దూరంలో ఉంచండి. పరికరం కార్డు ఎప్పుడూ దగ్గర ఉండాలి.

ఆరోగ్యశ్రీ కింద ఏం దొరుకుతుంది?

• 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు వైద్యం.
• నెట్‌వర్క్ ఆసుపత్రిలో ముందుగా ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళ్లండి. ఆహార భద్రత కార్డు, ఆధార్, పాత ఎకో, ఈసీజీ, మందుల చీటీలు అన్నీ తీసుకెళ్లండి.
• గుండె విభాగంలో పేస్‌మేకర్ సహా చాలా చికిత్సలు ఉన్నాయి. డాక్టరు మీకు రాసిన చికిత్స ప్రస్తుత జాబితాలో ఉందో లేదో, ఏ ఆసుపత్రిలో చేస్తారో ఆరోగ్యమిత్రను గానీ 104 ను గానీ అడిగి, ఆ తర్వాతే చేరండి.
• ప్రాణాపాయం ఉంటే మాత్రం ముందు చేరిపోండి. అత్యవసరంలో ఆసుపత్రి ఫోన్ ద్వారా అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది.
• ప్యాకేజీ చికిత్స నగదు రహితం. డబ్బు అడిగితే రసీదు అడగండి, 104 కు ఫిర్యాదు చేయండి.
• డిశ్చార్జి అయ్యాక పది రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. అవి తీసుకోకుండా ఇంటికి రావొద్దు.

ఇక్కడే అసలు చిక్కు. ఆరోగ్యశ్రీ ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం. పదకొండో రోజు నుంచి నెలనెలా వేసుకునే గోళీలు ఎక్కడివి? ఆ ఇంట్లో దెబ్బతిన్నది ఈ చోటే. కాబట్టి డిశ్చార్జి రోజే ఈ మూడు పనులు చేయండి:

ఒకటి, మందుల చీటీలో ఏ గోళీ ఎందుకో డాక్టరుతో గానీ సిస్టర్‌తో గానీ తెలుగులో రాయించుకోండి. ‘ఇది నీరు పోవడానికి, ఇది వేగం తగ్గడానికి, ఇది గడ్డ కట్టకుండా’ అని.

రెండు, ఆ చీటీ తీసుకుని మీ పీహెచ్‌సీ, ఏరియా లేదా జిల్లా ఆసుపత్రికి వెళ్లి ఎన్‌సీడీ క్లినిక్‌లో పేరు రాయించుకోండి. అక్కడ దొరికే మందులు ఉచితం.

మూడు, అక్కడ లేని మందులను ప్రధానమంత్రి జన ఔషధి కేంద్రంలో అడగండి. అదే మందు తక్కువ ధరకు దొరుకుతుంది. ఏవి కొనాలో, ఏవి వదలాలో మీరే తేల్చుకోవద్దు. ‘‘సార్, అన్నీ కొనలేను, తక్కువ ధరలో ఏమైనా ఉందా?’’ అని డాక్టరును అడగండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మార్చే వీలుంటే డాక్టర్లు మారుస్తారు.

తరచుగా అడిగే ప్రశ్నలు

గ్యాస్ వల్ల దడ వస్తుందా?
గ్యాస్ అనుకుని ఆలస్యమైన కేసులు చాలా ఉన్నాయని వైద్యులు అంటారు. గుండె బలహీనత ఉన్నవాళ్లు ముందు ఈసీజీ తీయించుకోవాలి, గ్యాస్ సంగతి ఆ తర్వాత.

పని చేసుకోవచ్చా?
జబ్బు అదుపులో ఉంటే నడక, తేలిక పనులు మంచివే. బరువులు మోసే పని, బండి నడపడం గురించి డాక్టరును అడగాలి. స్పృహ తప్పిన చరిత్ర ఉంటే డాక్టరు సరేననేదాకా బండి నడపొద్దు, ఒంటరిగా బావి దగ్గరకు, చెరువుకు పోవద్దు.

పన్ను పీకించుకోవాలి, రక్తం పల్చన చేసే గోళీ ఆపాలా?
మీరు ఆపొద్దు. పళ్ల డాక్టరుకు చెప్పండి. ఆపాలా వద్దా, ఎన్ని రోజులు అనేది గుండె డాక్టరు చెప్పాలి.

జీవితాంతం వేసుకోవాలా?
చాలామందికి అవును. బీపీ, షుగర్ గోళీల లాగే. కొన్ని మారుతాయి, మోతాదులు తగ్గుతాయి. ఆ నిర్ణయం డాక్టరుది.

ప్రజావాణికి వచ్చిన తల్లి ఇప్పుడు భర్త గోళీలను ఒక డబ్బాలో పూటల వారీగా పెడుతున్నది. గడ్డ కట్టకుండా ఉండే గోళీ కూడా అందులో ఉంది. ఆయన చెయ్యి పూర్తిగా తిరిగి వస్తుందో లేదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. మీ ఇంట్లో గుండె గోళీలు వేసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రోజే చీటీ తీసి చూడండి. ఏ గోళీ ఎందుకో తెలియకపోతే రేపు పొద్దున పీహెచ్‌సీకి పోయి అడగండి. ఎన్ని రోజులకు సరిపోను ఉన్నాయో లెక్కపెట్టండి. అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోండి.

అత్యవసర అంబులెన్స్: 108
ఆరోగ్యశ్రీ, ఆరోగ్య సమాచారం, ఫిర్యాదులు: 104

ఈ సమాచారం అవగాహన కోసమే. మీ మందులు, మోతాదులు మీ డాక్టరు చెప్పినట్టే వాడండి. ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి గ్రూపులో, ఆశా కార్యకర్తకు, మహిళా సంఘాల వాళ్లకు పంపండి.